చావడిలో హవల్దారు

బరోడా,
జనవరి 19, 2009.

శరయూ,

మీ క్షేమసమాచారాలు అవినాశ్ ఫోన్లో చెప్పాడు కాబట్టి అవి అడిగే పని తప్పింది. అమ్మ సంవత్సరీకం మర్నాడు నువ్వూ నేనూ ఫోన్లో అరుచుకున్న అరుపులకు మీ పక్కవాటా వాళ్ళు వచ్చి "ఎవరైనా పోయారా?" అని అడిగారట కదా. "అక్కా, ఇంక మీరిద్దరూ ఫోన్లు మానేసి ఉత్తరాలు రాసుకోండి. పోస్టులో నాలుగు రోజులు పడుంటే కోపం చల్లారుతుంది" అని మా తమ్ముడు తీర్పిచ్చాడు. పెద్దక్క కోపం సంగతి వాడికి ఇంకా తెలియలేదు. నాలుగు రోజులు పడుంటే అది ఊరుతుంది.

విషయానికి వస్తాను. నువ్వు కంప్యూటర్లో వంటల బ్లాగు పెట్టావని తెలిసింది. పేరు 'మా అత్తగారి పోపుల డబ్బా' అట. ఎవరి అత్తగారు? ఆవిడ నీకు అత్తగారు కావడానికి ఎన్నో ఏళ్ళ ముందు నుంచీ నాకు అమ్మ. అమ్మ పేరు మీద దుకాణం తెరిచే ముందు కన్నకూతురు ఒకతి బతికే ఉంది, దాన్ని ఒక్క మాట అడుగుదాం అని నీకు తోచలేదా?

సరే, పెట్టావు. ఎవరూ రావడం లేదట. అందుకని చావడిలో చేరావు. మన మరాఠీ వాళ్ళంతా ఇంటర్నెట్లో చేరి కబుర్లాడుకునే ఆ చావడి నాకూ తెలుసు. బ్యాంకులో రిటైరయ్యాక నాకూ పొద్దుపోవాలి కదా. చదివి వచ్చేస్తాను, నోరు విప్పను. అక్కడ ఒకావిడ పిల్లకు జలుబు చేసింది ఏం చెయ్యాలి అని అడిగితే "నా బ్లాగులో మిరియాల కషాయం చూడండి" అని నువ్వు. ఎవరో కొత్తూర్లో అద్దె ఇల్లు వెతుకుతుంటే "కొత్తింట్లో దిగాక చేసుకునే శ్రీఖండ్ నా బ్లాగులో ఉంది" అని నువ్వు. పాపం ఒకాయన వాళ్ళ నాన్న పోయారని రాసుకున్నాడు. అక్కడ కూడా ఏదో వంటకం అతికిస్తావేమోనని నేను గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నాను. దేవుడి దయ, ఆ రోజు మీకు కరెంటు లేనట్టుంది.

కూరగాయల బండి తోసుకుంటూ పెళ్ళి పందిట్లో దూరినట్టుంది నీ వ్యవహారం. పేరు మార్చు. మార్చనంటావా, అమ్మను అందులోంచి తీసెయ్.

నీ ఆడపడుచు,
కుముద్

తా.క. మొన్న గాలిపటాల పండక్కి ఎవరిదో మాంజా దారం తగిలి మా బాల్కనీ దండెం తెగింది. తడి బట్టలన్నీ కింద దుమ్ములో పడ్డాయి. నీకెందుకు చెప్తున్నానో తెలియదు. ఇంకెవరూ వినరు గనక.


పుణె,
జనవరి 27, 2009.

కుముద్ వదినగారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. స్టాంపు తలకిందులుగా అంటించారు. కోపం కవరు మీద నుంచే మొదలైందని అర్థమైంది.

అత్తగారిని అత్తగారు అనక ఏమనమంటారు? 'మా ఆడపడుచుగారి అమ్మగారి పోపుల డబ్బా' అని పెడితే చాలా బాగుండేది, కానీ అంత పేరు కంప్యూటర్ తీసుకోదు. ఆ డబ్బా మూత తీసి పాతికేళ్ళు అందించింది నేను. మీరు వేసవి సెలవులకు పిల్లల్ని వెంటేసుకుని వచ్చి పీట మీద కూర్చునేవారు. ఆ డబ్బాలో ఎన్ని గిన్నెలుంటాయో ఎప్పుడైనా తొంగి చూశారా?

చావడిలో నేను ఎందుకు కేకలేస్తున్నానో చెప్తాను, వినండి. లక్ష్మీరోడ్డు వెనక సందులో పుస్తకాలు అచ్చువేసే ఒకాయన ఉన్నాడు. నా వంటలు చూపించాను. "బాగున్నాయమ్మా, అచ్చువేస్తే కొనేదెవరు? మన కొత్త సంవత్సరం గుడి పాడ్వా లోపల మీ బ్లాగుకు రోజూ జనం వచ్చేలా చేసి చూపించండి. అత్తగారి ఫోటో అట్ట మీద వేసి, మీ పేరుతో నేనే పుస్తకం తెస్తాను" అన్నాడు. నాకు యాభై ఏళ్ళొచ్చాయి వదినగారూ. ఇప్పటిదాకా నా పేరు అచ్చులో చూసుకున్నది రేషన్ కార్డు మీదే. అందులోనూ తప్పు పడింది. ఈ పుస్తకం నాకు కావాలి. సిగ్గు విడిచి అడుక్కునైనా సరే, నాకు కావాలి.

చావడిలో మంచివాళ్ళున్నారు గానీ 'ఘాటు' అని పేరు పెట్టుకున్న ఒక శని దాపురించింది. ఆడో మగో తెలియదు. నేను ఏది పెట్టినా వెనకాలే వచ్చి వాలుతుంది. "ఈ పులుసులో గరిటె నిలబడుతోంది, గోడకు పూసుకోవచ్చు" అంటుంది. "బెల్లం పొదుపు చేసి బంగారం కొంటున్నారా?" అంటుంది. ప్రతిదానికీ ఇవే మూడు: చిక్కదనం ఎక్కువ, ఉప్పు ఎక్కువ, బెల్లం తక్కువ. చదివి అందరూ పకపకా నవ్వుతారు. వాళ్ళింట్లో వాళ్ళు దాన్ని ఎలా భరిస్తున్నారో. మొగుడంటూ ఉంటే ఆయన మీద నాకు నిజంగా జాలేస్తోంది.

తప్పు పట్టడానికి నేనేమీ కళ్ళు మూసుకుని రాయడం లేదు. ఒక్కో వంటా పొయ్యి మీద ఉండగానే అరచేతిలో చుక్క వేసుకుని, అత్తయ్య రుచి నా నాలుకకు తగిలేదాకా సవరించి మరీ రాస్తున్నాను. అత్తయ్య ఉండగా ఈ వెసులుబాటు ఎక్కడిది? నైవేద్యం అయ్యేదాకా వంటింట్లో ఎవరి నాలుక మీదా మెతుకు పడకూడదాయె.

పేరు మార్చను.

శరయు

తా.క. మీ తమ్ముడు గేటుకు కొత్త బోర్డు తగిలించారు: "గంట ఒక్కసారి నొక్కితే చాలు. మాకు చెవుడు లేదు, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి." చదివి నవ్వే ప్రతివాడూ గంట రెండోసారి నొక్కుతున్నాడు.


బరోడా,
ఫిబ్రవరి 5, 2009.

శరయూ,

ఘాటు గారెవరో గానీ నాలుకన్నది ఉన్న మనిషి. వాళ్ళాయన మీద నువ్వు జాలిపడక్కర్లేదు. పడేవాళ్ళు పడుతూనే ఉంటారు, పక్కవాళ్ళకు ఆ బెంగ దేనికి?

నా నోటితో చెప్పించుకోవాలని ఉంటే చెప్తున్నాను. అమ్మ పోళీలు చేసిన రోజు, శనగపప్పు ఉడికిన కట్టుతో పెట్టే ఆమటీ ఎలా ఉండేదో నీకు గుర్తుందా అసలు? పళ్ళెంలో పోస్తే అన్నం గట్టు దాటి పారి పోళీ కిందికి దూరేది. ముందు బెల్లం తగిలేది. తరవాత చింతపండు. మన గోడా మసాలా పొడి గొంతులోకి దిగాక తెలిసేది. నువ్వు రాసే పులుసులు అలా ఉన్నాయా? ముద్దలు ముద్దలుగా, ముందే ఉప్పు. అవి అమ్మ వంటలు కావు. నువ్వు వండుకున్నవి నీ పేరుతో రాసుకో, ఎవరొద్దన్నారు? మా అమ్మ పేరు పెట్టి జావ పొయ్యకు.

పుస్తకం కావాలట. అట్ట మీద అమ్మ ఫోటో, లోపల ఆవిడది కాని రుచి. దేశమంతా అదే మా అమ్మ వంట అనుకోవాలి. నా దగ్గర నీ పప్పులుడకవు.

కుముద్

తా.క. మోకాళ్ళకు వాడిని ఆముదం రాసుకోమను. వినడని తెలుసు. చెప్పానని చెప్పు.


పుణె,
ఫిబ్రవరి 14, 2009.

వదినగారికి,

ఆముదం రాసుకోమన్నారని చెప్పాను. రాసుకోలేదు. రాసుకున్నానని మాత్రం మీకు చెప్పమన్నారు.

మీ ఉత్తరం చదివాక నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఇన్నేళ్ళు బరోడాలో కాపురం చేశారు. అక్కడ పప్పులో బెల్లం, కూరలో బెల్లం, చివరికి పచ్చి మిరపకాయకు కూడా బెల్లం రాస్తారు. మీ నాలుక మీద ఇప్పుడున్నది అత్తయ్య రుచి కాదు, మీ పక్కింటి పటేల్ గారి రుచి. ఆ నాలుకతో నా ఉప్పు తూస్తానంటే ఎలా?

మీరు ఎంత గింజుకున్నా నాకు చావడిలో ఒక ఆప్తురాలు దొరికింది. రత్నగిరి పిన్ని అని పేరు. పెద్దావిడ, సముద్రం పక్క ఊరు, నోట్లోంచి మాట వస్తే తేనె. "శరయు గారూ, మీ బ్లాగు చూసి వంకాయ కూర చేశాను, ముప్పై ఏళ్ళలో మొదటిసారి మా ఆయన రెండోసారి అడిగి వేయించుకున్నారు" అని రాసింది. అప్పటి నుంచి జనం వస్తున్నారు. ఆవిడే ముందుగా అమాయకంగా ఏదో అడుగుతుంది, నేను బ్లాగు చిరునామా ఇస్తాను, వెనకాల పదిమంది చూస్తారు. దేవుడు పంపినట్టే వచ్చింది.

హోళీకి కట్టు ఆమటీ రాయబోతున్నాను. నువ్వెంత నేనెంత అనుకుంటున్న ఘాటు మొహం ఆ రోజు చూడాలని ఉంది. మొహం కనపడదు, అదొక్కటే దిగులు.

శరయు


బరోడా,
మార్చి 3, 2009.

శరయూ,

నా నాలుక జోలికి రాకు. నగలు నీకు వచ్చాయి. ఇల్లు మీకు వచ్చింది. పోపుల డబ్బా నీ దగ్గరే ఉంది. ఆవిడ చీరల్లో నేనడిగిన నారాయణపేట చీర కూడా నువ్వే ఎవరికో ఇచ్చేశావు. అమ్మ నాకు మిగిలింది ఒక్కచోటే, నా నోట్లో. అది కూడా పటేల్ గారిదంటే నాకింక ఏముంది?

ఉత్తరం ఇంతకంటే పొడుగు రాయలేను. ఒక్క మాట. రత్నగిరి పిన్ని లాంటి మంచివాళ్ళు చావడిలో ఉండరు. బ్యాంకు కౌంటర్లో ముప్పై ఏళ్ళు కూర్చున్నాను, మరీ అంత తియ్యగా పలకరించేవాడి సంతకం నేను రెండుసార్లు చూసేదాన్ని.

కుముద్


పుణె,
మార్చి 14, 2009.

వదినగారికి,

మీరు రాయకుండా ఉండలేరు, నేను చెప్పకుండా ఉండలేను. గెలిచాను!

హోళీ ముందు రోజు కట్టు ఆమటీ పెట్టాను. పెట్టీ పెట్టగానే ఘాటు ఊడిపడింది. "ఇది ఆమటీ కాదు, చల్లారిన గంజి. ఇందులో బెల్లం ఉందని మీ మాట మీద నమ్మాలి" అంది. నేను నోరు మూసుకున్నాను. పిన్ని ఊరుకోలేదు. పట్టుకుని తలంటు పోసింది. "ఘాటు గారికి తల్లి చేతి వంట తిన్న అదృష్టం లేదనుకుంటా. తిన్నవాళ్ళు ఇలా మాట్లాడరు" అంది. ఇంక చూడండి, చావడి అంతా రెండు జట్లయింది. పండగ పూట పనులు మానేసి బెల్లం జట్టు, ఉప్పు జట్టు అని కొట్టుకున్నారు. పోట్లాట చూడ్డానికి వచ్చిన వాళ్ళంతా నా బ్లాగు కూడా చూసి వెళ్ళారు. నాగపూర్ నుంచి, ఇండోర్ నుంచి, ఎక్కడో దుబాయి నుంచి కూడా వచ్చారు. అచ్చువేసే ఆయనే స్వయంగా ఫోన్ చేశాడు. "అత్తగారి ఫోటో వెతికి ఉంచండి" అన్నాడు.

ఫోటో తీసి తుడిచి పెట్టాను. మీ పెళ్ళిలోది, ముక్కుకు నత్తు పెట్టుకుని నవ్వకుండా నిలబడిందే, అది.

పటేల్ గారి మాట అనకుండా ఉండాల్సింది. అన్నాను కాబట్టి వెనక్కి తీసుకోను. ఆ నారాయణపేట చీర ఎవరికీ ఇవ్వలేదు. ఉంది.

శరయు


పుణె,
మార్చి 19, 2009.

కుముద్ వదినగారూ,

ఈ ఉత్తరానికి నమస్కారం లేదు.

సోమవారం నాడు ఘాటు చావడిలో ఏం రాసిందో మీకు చెప్పక్కర్లేదు, అయినా రాస్తున్నాను. "రత్నగిరి పిన్ని అనే మనిషి ఎక్కడా లేదు. నిన్న ఆవిడ 'హవల్దారులో నూనె కాగాక ఆవాలు వెయ్యాలి' అని రాసింది. పోపు గరిటెను హవల్దారు అని పిలిచే ఇల్లు ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. అది శరయు గారిల్లు. తన పాటకు తనే తాళం వేసుకుంటోంది" అని రాసింది. చావడి పెద్దలు ఆరా తీశారు. రెండు పేర్లూ ఒకే ఇంటి కంప్యూటర్ నుంచి వస్తున్నాయని తేల్చారు. నిజమే. పిన్ని నేనే. ఎవరూ అడగని ప్రశ్నలు నాకు నేనే అడుక్కున్నాను, ఎవరూ మెచ్చుకోని కూర నాకు నేనే మెచ్చుకున్నాను. నన్నూ పిన్నినీ మెడబట్టి గెంటేశారు. బయటికి పంపుతూ "చావడిలో అంగడి పెట్టరాదు" అని ఎర్రక్షరాల్లో రాశారు. అచ్చువేసే ఆయనకు ఎవరో చెప్పారట. "దొంగ పేర్లతో రప్పించిన జనాన్ని నేను లెక్కలో పెట్టుకోనమ్మా" అన్నాడు. పుస్తకం లేదు. బ్లాగు మూసేశాను.

ఇప్పుడు నా ప్రశ్న. ఆ పొడుగు కాడ గరిటెకు హవల్దారు అని పేరు పెట్టింది మామయ్యగారు. హవల్దారు ఎండలో నిలబడి మాడినట్టు అది ఎప్పుడు చూసినా మంట మీద మాడుతుంటుందని. బ్లాగులో ఆ మాట నేనెక్కడా రాయలేదు, జనానికి అర్థం కాదని 'గరిటె' అనే రాశాను. పిన్ని వేషంలో ఒక్కసారి నోరు జారాను. ఆ మాట ఎవరిదో తెలిసినవాళ్ళు ఎందరు? మామయ్యగారు లేరు. అత్తయ్య లేదు. మీ తమ్ముడికి కంప్యూటర్ మీద దుమ్ము తుడవడం ఒక్కటే వచ్చు. మిగిలింది మీరు.

ఇన్నాళ్ళూ మీకే మీ మీద చాడీలు చెప్పుకున్నాను. చదువుకుని ఎంత నవ్వి ఉంటారో.

అత్తయ్య రుచి నాకు తెలియదన్నారు. పాతికేళ్ళు మీరందరూ తిని, చేతులు కడుక్కుని, వక్కపొడి నముల్తూ వాలిపోయాక, గిన్నె అడుగున మిగిలింది గీక్కుని తిన్నదాన్ని నేను. ఆ రుచి నా నాలుక మీద నుంచి మీరే కాదు, ఎవరూ చెరపలేరు. నేను రాసింది అదే. నాకింక ఉత్తరం రాయకండి.

శరయు పరాంజపే


బరోడా,
మార్చి 30, 2009.

శరయూ,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. నువ్వు నా మాట ఎప్పుడు విన్నావు గనక నేను నీ మాట వినాలి?

ముందు ఇది చెప్పు, బ్లాగు ఎక్కడ? పాడ్వా పొద్దున ఆమటీ పెడదామని కంప్యూటర్ తెరిస్తే ఖాళీ తెల్ల కాగితం. పప్పు ఉడికి కూర్చుంది, కట్టు వార్చి పెట్టాను, మసాలా ఎంత వెయ్యాలో నాకు తెలియదు. పండగ పూట గిన్నె ముందు నిలబడి ఏడ్చాను.

అవును, నాకు రాదు. అమ్మ నాకు వంట నేర్పలేదు. పెళ్ళికి ముందు "చదువుకో, తరవాత ఎలాగూ తప్పదు" అంది. పెళ్ళయ్యాక "పుట్టింటికొచ్చిన పిల్ల పొయ్యి దగ్గరికి వస్తే నాకు మర్యాద కాదు" అని పీట మీద కూర్చోబెట్టింది. నాకు తెలిసింది తినడమే. నువ్వు బ్లాగు పెట్టిన నాటి నుంచీ అందులోంచే వండుతున్నాను. వండిన ప్రతిసారీ అమ్మ రుచికి కాస్త దూరంలో ఆగిపోయేది. అందుకు ఒళ్ళు మండి చావడిలో నిన్ను తిట్టేదాన్ని. తిట్టి, బెల్లమూ నీళ్ళూ కలుపుకుని తినేదాన్ని.

హవల్దారు సంగతి బయటపెట్టడం తప్పంటావా? నీ పిన్ని నాకు తల్లి చేతి వంట తిన్న అదృష్టం లేదంది. అది చదివాక నేను ఆగలేదు. అనుకోకుండా చేశానని అబద్ధం ఆడను. కావాలనే చేశాను.

ఇంక అసలు సంగతి విను. హోళీ రోజు నీ కొలతల్తోనే ఆమటీ పెట్టి, సరిచేసుకున్నాను. వేడివేడిగా పోసుకుని తింటే అచ్చం అమ్మది. మా ఆయన కూడా "మీ పుణె ఇంట్లో తిన్నట్టుంది" అన్నారు. మర్నాడు మధ్యాహ్నం గ్యాస్ అయిపోయింది. మిగిలిన ఆమటీ చల్లగానే అన్నంలో కలుపుకున్నాను. గడ్డకట్టినట్టు చిక్కగా ఉంది, ఉప్పు ముందు తగిలింది, బెల్లం ఎక్కడికో పోయింది. ఇదేమిటి, శరయు ఆమటీ లాగా ఉంది అనుకుని తినేశాను. అప్పుడు నాకు బుర్ర వెలగలేదు.

నీ ఉత్తరం వచ్చాక వెలిగింది. గిన్నె అడుగున మిగిలింది అని రాశావే, అక్కడ.

నువ్వు తప్పు రాయలేదు. నీకు తెలిసిన రుచి చల్లారినది. ఇప్పుడు పొయ్యి మీద వేడిగా రుచి చూసి, ఆ చల్లారిన రుచి వచ్చేదాకా బెల్లం తగ్గించి, ఉప్పు పెంచి, చిక్కబరిచి రాస్తున్నావు.

ఆ ఉత్తరం పట్టుకుని కూర్చుని గుర్తు తెచ్చుకోవాలని చూశాను. నీ చేతులు గుర్తున్నాయి. వంగి వడ్డిస్తుంటే పచ్చగాజులు పళ్ళెం అంచుకు తగిలేవి, ఆ చప్పుడు గుర్తుంది. "ఇంకో పోళీ వదినగారూ" అన్న గొంతు గుర్తుంది. నీ ముందు ఒక పళ్ళెం ఉండగా, నువ్వు కూర్చుని తింటుండగా, ఎంత ఆలోచించినా ఒక్కసారైనా గుర్తుకు రావడం లేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా.

ఈ పని చెయ్యి. నువ్వు రాసిన బెల్లానికి ఇంకో సగం కలుపు. ఉప్పు చిటికెడు తీసెయ్. నీళ్ళు గ్లాసు నిండా పొయ్, భయపడకు. దించగానే, ఎవరికీ పెట్టకముందు, నువ్వు తిను. కూర్చుని తిను, నిలబడి కాదు. అవినాశ్ ఏమైనా అంటే అక్క చెప్పిందని చెప్పు.

చావడికి వెళ్ళి ఘాటు అంటే శరయు ఆడపడుచేనని రాసి వచ్చాను. ఇంటి గొడవలు ఇక్కడికి తెచ్చినందుకు నన్ను కూడా గెంటేశారు. ఇప్పుడు అక్కడ నీకూ నాకూ పిన్నికీ ముగ్గురికీ ప్రవేశం లేదు.

ఇది క్షమాపణ ఉత్తరం అనుకోకు. బ్లాగు పేరు నాకు ఇప్పటికీ నచ్చలేదు. కానీ తెరువు. నాకు పప్పు పులుసు కూడా రాదు.

కుముద్


పుణె,
ఏప్రిల్ 8, 2009.

కుముద్ వదినగారికి,

నమస్కారం. స్టాంపు ఈసారి తిన్నగా ఉంది.

నా పుస్తకం మీ వల్ల పోయింది. అది నేను మరిచిపోను, మీరు కూడా మరిచిపోకండి. మీ ఉత్తరం చదివి రెండు రోజులు సొరుగులో పడేశాను. మూడో రోజు పోళీలు చేశాను. పండగ కాదు, ఏమీ కాదు. కట్టు వార్చి, మీరు చెప్పినట్టే బెల్లం వేశాను, నీళ్ళు పోశాను. పోస్తూనే గొణుక్కున్నాను, ఇంత పల్చగా ఎవరు పెడతారని.

దించగానే పెద్ద పళ్ళెం పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. మీ తమ్ముడు వాసనకు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "నాకు?" అన్నారు. "ఉండండి" అన్నాను. పెళ్ళయ్యాక ఆయనతో ఆ మాట అనడం అదే మొదలు. ఆయన ఉన్నారు. కాసేపయ్యాక "నేను వడ్డించనా?" అన్నారు. వడ్డించడం రాదు, బల్లంతా పోశారు. సగం పోళీ కిందికి దూరింది, మీరు రాశారే, అలాగే.

నత్తు పెట్టుకుని నిలబడ్డ ఫోటో బల్ల మీదే ఉంది. చూస్తుంటే ఒకటి గుర్తొచ్చింది. మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. గిన్నె అడుగుది నేనొక్కదాన్నే తినలేదు. అత్తయ్యా నేనూ వంటింట్లో ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళం. మీరొచ్చిన రోజుల్లో ప్రతిసారీ ఒకటే అడిగేది: "కుముద్‌కి నచ్చిందంటావా? మొహం చూశావా, ఎలా పెట్టింది?" నేను చెప్పేదాన్ని, "రెండోసారి పోయించుకున్నారు అత్తయ్యా" అని. అప్పుడు ముద్ద కలుపుకునేది. తన ఆమటీ వేడిగా ఎలా ఉంటుందో ఆవిడకూ తెలియదు వదినగారూ. మీ మొహం చూసి తెలుసుకునేది.

అందుకని, మీ నాలుక మీద ఉన్నది అత్తయ్యదే. పటేల్ గారి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

బ్లాగు తెరిచాను. పేరు మార్చలేదు, మార్చను. పేరు కింద ఒక వరస చేర్చాను: 'వండింది శరయు, తిన్నది కుముద్.' నచ్చకపోతే ఘాటు వేషంలో వచ్చి రాయండి, చావడిలో కాదు, నా బ్లాగులోనే. అందులో రాసినవన్నీ ఇప్పుడు వేడిగా తిని మళ్ళీ సరిచూడాలి. నా నాలుకకు ఆ రుచులు తెలియవు. టిక్కెట్టు కొనుక్కుని రండి. నారాయణపేట చీర ఇస్తాను. హవల్దారును మాత్రం ఇవ్వను.

శరయు

తా.క. ఆమటీ ఎలా ఉందో రాయడం మరిచాను. నాలుక కాలింది. బెల్లం సరిపోయింది.